అమ్మానాన్నల పౌరసత్వ పరీక్ష



తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో కాసేపు చెవి పెట్టి వినండి. ఎవరో ఒకరు ఫోనులో డల్లాస్ ముచ్చటో, న్యూజెర్సీ ముచ్చటో చెబుతుంటారు. పాలమూరు వలస అంటే ఒకప్పుడు ప్రాజెక్టుల కాడ మట్టి పని, బొంబాయిలో కట్టడాల పని. ఆ పనులకు పోయినవాళ్ల పిల్లలు, మనుమలు చదువుకొని సముద్రాలు దాటారు. హెచ్‌1బీ వీసా మీద పోయి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు కాచుకొని, ఆ తర్వాత అక్కడి పౌరులయ్యారు. పౌరులైన పిల్లలకు ఇరవై ఒక్కేళ్లు నిండితే అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు అడగొచ్చు. తల్లిదండ్రులకు ఏడాదికి ఇన్ని కార్డులేనన్న లెక్క లేదు. అందుకే కొడుకు పదిహేనేళ్లు ఎదురుచూసిన కార్డు తల్లికి ఒకటి రెండేళ్లలోనే చేతికొస్తుంది.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ తల్లుల గురించి, తండ్రుల గురించి. అరవై దాటాక గ్రీన్‌కార్డు తీసుకొని, అయిదేళ్లకు అమెరికా పౌరసత్వ పరీక్ష ముందు కూర్చునేవాళ్ల గురించి. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊరికొచ్చిన పెద్దవాళ్లు ఆ ప్రశ్నల పుస్తకం తెచ్చి, ‘సారూ, జర చదివించు’ అంటే కూర్చొని చదివిస్తుంటాను. అట్లా వాళ్ల పక్కన కూర్చున్నప్పుడు నాకు అర్థమైనవే ఈ మాటలు.

మొదట అడగాల్సింది, ఈ వయసులో వాళ్లకు ఆ పౌరసత్వం ఎందుకని. ఓటు కోసమనో, సర్కారు సాయం కోసమనో అనుకుంటాం. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది వేరు. ఊరికి రావడానికి! వినడానికి వింతగానే ఉంటుంది, లెక్క చూస్తే నిజమే. గ్రీన్‌కార్డు మనిషి ఆరు నెలలు దాటి అమెరికా బయట ఉంటే, అక్కడి నివాసం తెగిపోయిందని అధికారులు అనుమానిస్తారు. కాదని రుజువు చూపాల్సింది మనమే. ఏడాది దాటితే నివాసం తెగినట్టే. అప్పటిదాకా పౌరసత్వం కోసం కూడబెట్టిన ఏళ్ల లెక్క పోతుంది, కార్డుకే ముప్పు వస్తుంది. ఇక్కడేమో వానాకాలం చేను ఉంటుంది, మేనకోడలి పెళ్లి ఉంటుంది, ముసలి తల్లి మంచాన పడి ఉంటుంది. ఆరు నెలలు ఇట్టే అయిపోతాయి. సగం పనులు వదిలేసి శంషాబాద్ విమానాశ్రయం దారి పట్టాల్సి వస్తుంది. అదే పౌరసత్వం తీసుకొని, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డు పెట్టుకుంటే ఊళ్లో ఎన్నాళ్లుండాలంటే అన్నాళ్లుండొచ్చు. తెలకపల్లిలో ఎక్కువ రోజులు గడపాలనే అమెరికా పౌరసత్వానికి కూర్చుంటున్నారు మా పెద్దలు.

ఇక పరీక్ష. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు కొత్త పద్ధతి వచ్చింది. అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద 128 ప్రశ్నల జాబితా ఇస్తారు. ఇంటర్వ్యూలో అధికారి అందులోంచి ఇరవై దాకా నోటితో అడుగుతారు. పన్నెండుకు జవాబు చెబితే గట్టెక్కినట్టు. అంతకుముందు జాబితాలో నూరు ప్రశ్నలు, అడిగేవి పది, చెప్పాల్సినవి ఆరు. అప్పుడే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ఆ పాత పద్ధతే. ఇదిగాక ఇంగ్లీషు చదవాలి, రాయాలి, మాట్లాడాలి. మూడు వాక్యాలిచ్చి ఒక్కటి సరిగా చదివినా చాలంటారు. మూడు చెప్పి ఒక్కటి తప్పు లేకుండా రాసినా చాలంటారు. ఆ వాక్యాల్లో వచ్చే మాటల జాబితాను ప్రభుత్వమే ముందుగా బయటపెట్టింది. అది చిన్న జాబితా. మొదటిసారి తప్పినా ఊరుకోరు, రెండు మూడు నెలల్లో మళ్లీ పిలిచి, తప్పిన భాగం వరకే మరో అవకాశమిస్తారు.

ఇట్లా షరతులు పెట్టేది అమెరికా ఒక్కటే కాదు. కెనడాలో ఇరవై ప్రశ్నలకు పదిహేను, బ్రిటన్‌లో ఇరవై నాలుగుకు పద్దెనిమిది రావాలి. మన పౌరసత్వ చట్టం, 1955 నాటిది, అది కూడా బయటి దేశం మనిషి ఇక్కడి పౌరసత్వం కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష తగినంత రావాలంటుంది. తెలుగొచ్చినా సరిపోతుంది. కాకపోతే కెనడా, బ్రిటన్‌లలో పెద్ద వయసువాళ్లను చాలావరకు వదిలేస్తారు. కెనడాలో యాభై అయిదేళ్లు వస్తే పరీక్షే లేదు.

అమెరికాలోనూ వయసుకు మినహాయింపు ఉంది. కానీ అది మన అమ్మానాన్నలకు అందదు. ఈ సంగతి చాలామందికి తెలియక మోసపోతున్నారు, అందుకే నిదానంగా చెబుతాను. యాభై ఏళ్లు దాటి, ఇరవై ఏళ్లుగా గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు ఇంగ్లీషు అక్కర్లేదు. యాభై అయిదు దాటి, పదిహేనేళ్లు ఉన్నవాళ్లకూ అక్కర్లేదు. చరిత్ర ప్రశ్నలకు దుబాసీని పెట్టుకొని తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. అరవై అయిదు దాటి, ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లకు ప్రశ్నల జాబితా ఇరవైకి కుదిస్తారు. ఇక లెక్క వేయండి. మన తెలకపల్లి అమ్మకు అరవై రెండో ఏట గ్రీన్‌కార్డు వచ్చిందనుకుందాం. అరవై ఏడుకు దరఖాస్తు పెట్టే అర్హత వస్తుంది. తెలుగులో పరీక్ష రాయాలంటే డెబ్బై ఏడు దాకా ఆగాలి. ముప్పై ఏళ్ల కిందట పోయిన డాక్టరుకు, ఇంజనీరుకు పనికొచ్చే మినహాయింపు ఇది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు మాఫీ అవుతుంటే, రానివాళ్లు కూర్చొని నేర్చుకోవాలి. నాకిది న్యాయంగా తోచదు.

మన జిల్లా సంగతి ఇక్కడ తలుచుకోవాలి. 2011 జనగణనలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలోకీ అక్షరాస్యత తక్కువున్నది మన మహబూబ్‌నగర్‌లోనే. నూటికి 55 మంది. ఈ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అన్నీ అప్పుడు అందులోవే. ఈ పరీక్షకు కూర్చుంటున్న తల్లుల్లో పలకా బలపం పట్టనివాళ్లున్నారు, తెలుగులో సంతకం వరకే వచ్చినవాళ్లున్నారు. వాళ్లు డెబ్బైకి దగ్గరపడ్డాక ఏబీసీడీలు దిద్దుతున్నారు. దాన్ని చూసి నవ్వే పిల్లలుంటే దయచేసి నవ్వకండి.

నాకు వదిన వరుసయ్యే ఒకావిడ పోయిన ఎండాకాలం ఇక్కడే ఉండి చదువుకుంది. నాలుగు గీతల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు. పొద్దున పనులయ్యాక అరుగు మీద కూర్చొని ఒకటే వాక్యం పేజీ నిండా రాసేది. సిటిజన్స్ కెన్ ఓట్. రాసేటప్పుడు ప్రతి అక్షరం పైకి చదివేది. రెండు వారాలకు చేయి కుదిరింది. చరిత్ర ఇంకా తొందరగా పట్టుకుంది. జులై 4, 1776 అంటే స్వాతంత్ర్య ప్రకటన, రాసింది థామస్ జెఫర్సన్. సెనేటర్లు నూరు మంది, ఆరేళ్లు. దిగువ సభలో 435 మంది, రెండేళ్లు. బతుకమ్మ పాటలు తెల్లారేదాకా నోటికి పాడే మనిషికి ఈ నాలుగు ముక్కలు ఒక లెక్కా! మార్టిన్ లూథర్ కింగ్ గాంధీని గురువుగా తలచి 1959లో మన దేశానికి వచ్చాడని చెబితే ఆ పేరు ఇక మరిచిపోలేదు. కొత్త జాబితాలో కొన్ని ప్రశ్నలు అర్థం కూడా అడుగుతాయి. వాళ్ల రాజ్యాంగం ‘ప్రజలమైన మేము’ అని మొదలవుతుంది, దాని భావమేమిటంటారు. మన రాజ్యాంగం మొదలయ్యేదీ ఆ మాటతోనే కదా వదినా, మనల్ని మనమే ఏలుకోవాలని అన్నాను. ‘సర్పంచిని మనమే నిలబెట్టుకున్నట్టు’ అంది. అధికారికి కావల్సిన జవాబు అదే, ఇంగ్లీషులో నాలుగు ముక్కలుగా పేర్చుకుంటే చాలు.

ఆమెను తికమక పెట్టింది వేరే ఉంది. అదే చాలామంది పిల్లలు పట్టించుకోని భాగం. ప్రశ్నల యాప్ ఒకటి అమ్మ ఫోనులో వేసిచ్చి, రోజూ వినమ్మా అని ఆఫీసుకు పోతారు. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచేది ఆ చరిత్ర కాదు. ఎన్ 400 అనే దరఖాస్తు ఫారాన్ని ముందు పెట్టుకొని, అందులో రాసినవి ఒక్కొక్కటే అడుగుతారు. ఇంగ్లీషు మాట్లాడటం వచ్చా రాదా అని చూసేది కూడా అక్కడే. ఆ ఫారం కొడుకు కంప్యూటరులో నింపి ఉంటాడు, అమ్మ సంతకం పెట్టి ఉంటుంది. అందులో ఏముందో అమ్మకు తెలియదు.

అందులో ‘హావ్ యూ ఎవర్’ అంటూ మొదలయ్యే ప్రశ్నలు వరసగా వస్తాయి. ఎప్పుడైనా ఇది చేశారా, ఎప్పుడైనా అది చేశారా. మారణకాండలో పాల్గొన్నారా, ఎవరినైనా హింసించారా, పన్నులు ఎగ్గొట్టారా. మా వదిన అన్నిటికీ నో, నో, నో అని చెప్పుకుంటూ పోయేది. ఆ ఊపులోనే ‘ఈ దేశ రాజ్యాంగాన్ని సమర్థిస్తారా’ అంటే కూడా నో అనేసింది. ‘ప్రమాణం చేయడానికి సిద్ధమా’ అంటే దానికీ నో. ఫారం చివర ఎస్ అనాల్సిన ప్రశ్నలు అట్లానే వస్తాయి. నో అని వల్లె వేసిన నోరు అక్కడ ఆగదు. ఎస్ అన్నాక కూడా అధికారి ‘ఓత్ అంటే ఏమిటి’ అని అడగొచ్చు. ‘ప్రామిస్’ అని ఒక్క మాటంటే తెలిసినట్టే. అందుకని ఒక్కో ప్రశ్నకు నో ఎందుకో, ఎస్ ఎందుకో ముందు తెలుగులో మాట్లాడుకున్నాం. తర్వాతే ఇంగ్లీషు. ఇంకొక వాక్యం పక్కాగా నేర్పాను: ‘ఐ డోంట్ అండర్‌స్టాండ్, ప్లీజ్ రిపీట్.’ అర్థం కాలేదని అడిగితే మార్కులు పోవు. అధికారి మళ్లీ చెప్పాలి, మాట మార్చైనా చెప్పాలి. అర్థం కాకుండానే తలూపితే మాత్రం ప్రమాదం.

ఆ ప్రశ్నల్లో రెండు మన ప్రాంతం వాళ్లకు గట్టిగా తగులుతాయి. మొదటిది, పోలీసులు ఎప్పుడైనా, ఏ కారణం మీదైనా అరెస్టు చేశారా, అదుపులోకి తీసుకున్నారా అని. అమెరికాలోనే కాదు, ఎక్కడైనా సరే. ఇప్పుడు డెబ్బై దగ్గరున్న మన ఉద్యోగులు, ఉపాధ్యాయులు 2011లో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు, ఎక్కడున్నారు? ఆ ఏడాది మార్చి 10న మిలియన్ మార్చ్, సెప్టెంబరు 13 నుంచి నలభై రెండు రోజుల సకల జనుల సమ్మె. రాస్తారోకోలో కూర్చున్నవాళ్లను వ్యానులో ఎక్కించి, స్టేషనులో కూర్చోబెట్టి, సాయంత్రం పంపించారు. ఎంతమందికి జరిగిందది! మనకది అరెస్టు లెక్కే కాదు, గర్వంగా చెప్పుకొనే ముచ్చట. ఫారంలో మాత్రం దానికి ఎస్ అనే రాయాలి, పక్కన సంగతి వివరించాలి. ఉద్యమంలో అదుపులోకి తీసుకొని కేసు లేకుండా వదిలేసిన దానికి పౌరసత్వం ఆపరు. దాచిపెడితే ఆ దాచినందుకు ఆపొచ్చు.

రెండోది, ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా, దానితో సంబంధముందా అని. తెలంగాణ పల్లెలో ఒక తరం మనిషిని ఈ ప్రశ్న అడగడమంటే ఏమిటో మనకు తెలుసు. వయసులో ఎర్రజెండా పట్టినవాళ్లు మన చుట్టూ ఎంతమంది! కమ్యూనిస్టు పార్టీ సభ్యులకు పౌరసత్వం రాకుండా అమెరికా 1950లో చేసిన ఒక చట్టంలో అడ్డంకి పెట్టింది. ఇంగ్లీషు చదవాలి, రాయాలి, చరిత్ర తెలియాలి అనే షరతు కూడా ఆ చట్టంతోనే వచ్చింది. అయితే ఇప్పుడున్న చట్టం, సభ్యత్వం దరఖాస్తుకు పదేళ్ల ముందే ముగిసిపోయి ఉంటే పౌరసత్వానికి అది అడ్డు కాదంటుంది. నలభై ఏళ్ల కిందటి సంగతికి భయపడి నో అని రాయడం కన్నా, ఫారం పంపే ముందే వలస చట్టం తెలిసిన లాయరును ఒకసారి కలవడం మంచిది.

దరఖాస్తులో చెప్పిన మాటకు ఎంత బరువుంటుందో మన తెలంగాణలోనే చూశాం. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడిగా ఉండి, 2009లో మళ్లీ భారత పౌరసత్వం తీసుకున్నారు. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఆయన ఇక్కడే ఉన్నారా లేదా అన్నదానిపై వివాదం నడిచింది. కేంద్ర హోంశాఖ 2019లో ఆయన పౌరసత్వం రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తీర్పిచ్చి, 30 లక్షలు కట్టమంది. ప్రజలు ఓటేసి పలుమార్లు గెలిపించిన మనిషికే పదిహేనేళ్ల తర్వాత ఒక దరఖాస్తులోని ఒక గడి దగ్గర లెక్క తేలింది. అమెరికాలోనూ తప్పు చెప్పి తెచ్చుకున్న పౌరసత్వాన్ని ఎన్నేళ్ల తర్వాతైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇంత ప్రమాదమున్నా, డాక్టరు సర్టిఫికెట్ ఒకటి పుట్టించి పరీక్షే లేకుండా చేస్తామనే దళారులున్నారు. నిజంగా మతిమరుపు జబ్బు, పక్షవాతం వంటివి ఉంటే దానికి ఎన్ 648 అనే ఫారం ఉంది, డాక్టరు రాసివ్వాలి. ముసలితనం, చదువు రాకపోవడం మటుకే అందుకు కారణాలు కావు.

ఇక మనవాళ్ల పేర్లు, తేదీల చిక్కు. ఇంటిపేరు ముందు, మన పేరు వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు అమెరికా కాగితాల్లో అసలు పేరే ఇంటిపేరై, దాని ముందు ‘ఎఫ్ఎన్‌యూ’ అని మూడక్షరాలు చేరాయి. కొందరు తల్లులకు పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఒకచోట ఉంటుంది. ఇంతకుముందు వాడిన పేర్లన్నీ ఫారం అడుగుతుంది, అన్నీ రాయాలి. పేరు సరిచేసుకోవాలంటే ఈ దరఖాస్తులోనే కోరే వీలుంది, అది వదులుకోవద్దు. పుట్టిన తేదీ సంగతి పంతులుగా నాకు బాగా తెలుసు. బడిలో వేసేటప్పుడు సారు చూపునబట్టి ఒక తేదీ రాసేవారు. అందుకే మా తరానికి జూన్, జులైల్లో అంతమంది పుట్టినట్టు కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఆ కాగితంమీది తేదీనే తడుముకోకుండా చెప్పాలి. పెళ్లి తేదీ కూడా అంతే. ‘మాఘమాసంలో, కరువు వచ్చిన ఏడు’ అంటే అక్కడ కుదరదు.

ఒకరు నన్ను అడిగారు, మనవాళ్లు మొదటినుంచీ ఇట్లా పౌరులు కాగలిగేవారా అని. లేదు. 1790 నాటి చట్టం తెల్లవాళ్లకే పౌరసత్వమంది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు ఆ అర్హత లేదని తేల్చింది. అప్పటికే వచ్చిన పౌరసత్వాలు కూడా ఎన్నో రద్దు చేశారు. అదే ఏడాది అక్టోబరులో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. భీమవరంలో పుట్టిన మనిషి. ఫోలిక్ యాసిడ్, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనక ఆయన పరిశోధన ఉంది. భారతీయులకు పౌరసత్వ హక్కునిస్తూ చట్టం వచ్చింది 1946 జులైలో. దానితో వలసకు ఇచ్చిన కోటా ఏడాదికి నూరు మంది. 1948లో సుబ్బారావు గారు కన్నుమూశారు, పౌరుడు కాకుండానే. హైదరాబాద్‌లో పుట్టి, ఏడో ఏట అమెరికా పోయి, 2000లో పౌరసత్వం తీసుకున్న అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ఆ రెండు జీవితాల మధ్య దూరం చూస్తే, ఈ హక్కు కోసం ఎంతమంది కోర్టుల చుట్టూ తిరిగారో గుర్తుకొచ్చి నాకు గుండె నిండుతుంది.

పొందేదానితో పాటు పోయేదీ పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. ఇది పిల్లలు దాటవేస్తారు. మన రాజ్యాంగం, పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. అక్కడ ప్రమాణం చేసిన క్షణాన ఇక్కడి పౌరసత్వం పోతుంది. భారత పాస్‌పోర్టు అప్పగించాలి, ఆ తర్వాత దాని మీద ప్రయాణం చేయకూడదు. ఓసీఐ కార్డుతో ఊళ్లో ఉండొచ్చు, ఓటు మాత్రం లేదు. సర్పంచి ఎన్నికకైనా సరే. వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఇప్పటికే ఉన్న పొలం ఉంటుంది, తండ్రి తాతల నుంచి వారసత్వంగానూ రావచ్చు. అమ్మాలంటే మాత్రం ఇక్కడ ఉండే భారతీయులకే అమ్మాలి. పక్క చెల్క రెండెకరాలు కలుపుకోవాలని ముప్పై ఏళ్లుగా ఆశ పెట్టుకున్న రైతు ఉన్నాడనుకోండి, ఈ మాట ఆయనకు ప్రమాణం రోజున తెలియకూడదు. దరఖాస్తు మీద వేలు పెట్టే ముందే తెలియాలి. వద్దు, నాకు గ్రీన్‌కార్డే చాలు అంటే అదీ ఆయన ఇష్టమే. కొడుకు చెప్పాడని సంతకం పెట్టే పని కాదిది.

ఒక్క హెచ్చరిక. గ్రీన్‌కార్డు మీద ఉన్నంతకాలం అమెరికాలో ఓటరుగా పేరు రాయించుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఇచ్చే కాగితాల్లో ఆ గడి కూడా ఉంటుంది, తెలియక టిక్కు పెట్టినవాళ్లు చిక్కుల్లో పడ్డారు.

ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు తిరుగు విమానం ఎక్కేలోగా చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత పాస్‌పోర్టులు ఒక్కటి కూడా పారేయొద్దు. గడిచిన అయిదేళ్లలో అమెరికా దాటి వచ్చిన ప్రతి ప్రయాణం తేదీ ఫారం అడుగుతుంది. ముద్రలు చూసి వచ్చిన రోజు, పోయిన రోజు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ అయిదేళ్లలో కలిపి కనీసం ముప్పై నెలలు అమెరికాలో ఉండి ఉండాలి, కూడి చూసుకోండి. రీ ఎంట్రీ పర్మిట్ ఉంది కదా, ఏడాదిన్నర ఉంటామనుకునేవాళ్లు వినండి, ఆ పర్మిట్ కార్డును కాపాడుతుంది గానీ పౌరసత్వానికి కావల్సిన నివాసాన్ని కాపాడదు. పెళ్లి ధ్రువపత్రం లేకపోతే ఇక్కడున్నప్పుడే తీసుకోండి. ఉద్యమం నాటి కేసు ఏదైనా ఉంటే, అది ముగిసిందని కోర్టు నుంచో స్టేషను నుంచో కాగితం తెచ్చుకోండి. దానికి నెలలు పట్టొచ్చు, ఇవాళే అర్జీ పెట్టండి. ఇక ఆ ఎన్ 400 ఫారం ప్రింటు తీయించుకొని, మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకొని, మొదటి పేజీ నుంచి చదివించుకోండి.